బండి ఎక్కడ పెట్టాలి? ముందు గంట చూడండి, తర్వాత జాగా

"బండి తయారుగా ఉంది, సరుకూ ఉంది. ఎక్కడ పెట్టుకోమంటారు?" ఈ ప్రశ్న రాని వారం లేదు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పే బదులు ఒకేచోట రాసిపెడుతున్నాను. తోపుడు బండికి, సైకిల్‌కి, మడత బల్లకి, బుట్టకి కూడా పనికొస్తుంది.

అడిగేవాళ్లలో ఎక్కువమంది ఖాళీ జాగా కోసం తిరిగి తిరిగి అలసిపోయినవాళ్లే. నగరంలో ఖాళీ జాగా దొరకడం కష్టం. ఖాళీ గంటలు మాత్రం బోలెడు. తొమ్మిదింటికి షట్టర్ ఎత్తే దుకాణం ముందు ఉదయం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా పిల్లి తప్ప ఎవరూ కూర్చోరు. ఆదివారం ఆఫీసు పార్కింగ్ బోసిపోయి ఉంటుంది. చక్రాల మీద వ్యాపారం చేసేవాళ్లకి ఉన్న లాభమే అది: అద్దె దుకాణం కదలదు, మీరు కదలగలరు.

కావలసినవి

చేతిలో ఇమిడే నోటు పుస్తకం, పెన్ను, కొలత టేపు, చాక్‌పీస్, మీటరు పొడవున్న తిన్నని కర్ర, నీళ్లతో సగం నిండిన సీసా, గడియారం. వీటన్నిటికంటే ముఖ్యంగా నాలుగైదు రోజుల ఓపిక. సరుకు కొనేశాక ఈ పని మొదలుపెడితే అది పాడవుతుందన్న టెన్షన్‌లో మొదట కనిపించిన చోటే బండి ఆపేస్తారు. అందుకే ముందు ఇది, తర్వాత సరుకు.

1. గంటల పట్టిక రాయండి

మీరు తిరగగలిగినంత మేర, అంటే బండి తోసుకుంటూ అరగంటలో చేరగలిగినంత దూరంలో, నాలుగైదు చోట్లు అనుకోండి. ఒక్కో చోటికీ ఒక పేజీ. పేజీలో నిలువుగా ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా గంటలు రాసుకోండి. ప్రతి గంటకీ ఎదురుగా రెండు విషయాలు రాయాలి: ఆ గంటలో ఆ జాగా ఎవరు వాడుతున్నారు, దాని ముందు నుంచి ఎవరు పోతున్నారు.

"జనం బాగా ఉన్నారు" అని రాస్తే ఆ పేజీ వృథా. లెక్కపెట్టండి. పావుగంట నిలబడి, దాటిపోయినవాళ్లకి ఒక్కో గీత గీసి, ఆ సంఖ్యని నాలుగుతో గుణిస్తే గంటకి ఎంతమందో తెలుస్తుంది. అయితే స్కూళ్లు వదిలే వేళ, ఆఫీసులు వదిలే వేళ పావుగంటలోనే జనమంతా వెళ్లిపోతారు. అక్కడ గుణించకండి, గంటంతా నిలబడండి.

సంఖ్య పక్కనే జనం నడక ఎలా ఉందో కూడా రాయండి. పరుగు లాంటి నడకా? కబుర్ల నడకా? చేతులు ఖాళీగా ఉన్నాయా, సంచులతో నిండి ఉన్నాయా? రెండు చేతుల్లో సంచులున్న మనిషి మీ దగ్గర ఆగి జేబులో చెయ్యి పెట్టలేడు. గంటకి వెయ్యిమంది పరిగెత్తే చోటు కంటే రెండువందలమంది నింపాదిగా నడిచే చోట బేరాలు ఎక్కువ కావడం నేను చాలాసార్లు చూశాను.

కనీసం మూడు రోజులు చూడాలి: మామూలు రోజులు రెండు, సెలవు రోజు ఒకటి. నేను సైకిల్ మీద పాత పుస్తకాలు అమ్మడం మొదలుపెట్టినప్పుడు ఒక్క శనివారం సాయంత్రం చూసి జాగా ఖాయం చేసుకున్నాను. పైన పెద్ద చెట్టు, చల్లటి నీడ. సోమవారం సైకిల్ పెట్టాను. చీకటి పడే వేళకి ఊళ్లోని పక్షులన్నీ ఆ చెట్టు మీదికే వచ్చాయి. శనివారం నేను ఐదున్నరకే ఇంటికి వెళ్లిపోయాను కాబట్టి ఆ సంగతి తెలీలేదు. రెట్టలతో పాడైన పుస్తకాలని ఎవరు కొంటారు?

2. చోటు రకాన్ని బట్టి నిలబడే పద్ధతి

మూసిన షట్టర్ ముందు: కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పే మొదటి చోటు ఇదే. దుకాణం తెరవకముందో, మూసేశాకో, వారపు సెలవు రోజో చూసుకోండి. పైన సన్‌షేడ్ ఉంటుంది, వెనక గోడలా షట్టర్ ఉంటుంది. ఇనప షట్టర్‌కి అయస్కాంతం అంటుకుంటుంది కాబట్టి చిన్న అయస్కాంత కొక్కేలతో తేలికపాటి సరుకు వేలాడదీయొచ్చు. మేకు కొట్టే పని లేదు, వెళ్లేటప్పుడు మరక మిగలదు. తాళం దగ్గరా, షట్టర్ జారే గాడిలోనూ మాత్రం ఏదీ పెట్టకండి.

ప్రహరీ గోడ, ఊచల కంచె: జేబులు కుట్టిన గుడ్డ తెర ఒకటి చేయించుకోండి. పై అంచుకి నాలుగు కొక్కేలు చాలు. చుట్టేస్తే చంకలో పట్టే తెరని విప్పి ఊచలకి తగిలిస్తే నిలువు అంగడి అవుతుంది. చేతిరుమాళ్లు, ఫోను సామాను, దారాలు, పాత పుస్తకాలకి బాగుంటుంది. పారిస్‌లో సేన్ నది ఒడ్డున పాత పుస్తకాలవాళ్లు పిట్టగోడల మీద ఆకుపచ్చ పెట్టెలు బిగించుకున్నారు. మూత ఎత్తితే అంగడి తెరుచుకుంటుంది, దించితే అక్కడ గోడా పెట్టే మిగులుతాయి. ఆ పెట్టెలకి అక్కడి నగరపాలక సంస్థ అనుమతి ఉంది. మీకు లేనంతవరకు గోడకి ఏదీ బిగించకండి, తగిలించండి, తీసేయండి.

బస్‌స్టాప్: అందరూ స్టాప్‌కి ఎదురుగానే నిలబడాలనుకుంటారు. అది తప్పు. బస్సు కోసం ఎదురుచూసేవాళ్ల కళ్లు బస్సు వచ్చే వైపే ఉంటాయి. కాబట్టి ఆ వైపు, రోడ్డు అంచుకి దూరంగా, వెనక గోడని ఆనుకుని నిలబడండి. వాళ్ల చూపుకి అడ్డు రాకుండా చూపులో పడతారు. దిగేవాళ్లకి అమ్మాలంటే లెక్క మారుతుంది: దిగి ఎటు నడుస్తారో చూసి, పది పదిహేను అడుగుల అవతల ఉండాలి. దిగిన చోట ఎవరూ ఆగరు. సంచి సర్దుకుని, ఊపిరి పీల్చుకున్న తర్వాతే చుట్టూ చూస్తారు.

ఫ్లైఓవర్ కింద: నీడకి బంగారం లాంటి చోటు. కానీ వాన వెలిశాక కూడా వంతెన అతుకుల నుంచి, గొట్టాల నుంచి చాలాసేపు నీళ్లు కారుతుంటాయి. ఎండిన రోజున పైకి చూసి తుప్పు, నాచు చారలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోండి. వాటి కింద నిలబడకండి. చప్పుడుకి మీ మాట వినపడదు కాబట్టి ధరలు పెద్ద అక్షరాలతో రాయాలి. దుమ్ము కూడా ఎక్కువే, మూతలేని తిండి అక్కడ వద్దు.

కాలి వంతెన మెట్ల కింద ముక్కోణం: కూర్చుని చేసే పనులకి, అంటే తాళంచెవులు, చెప్పులు, గొడుగుల రిపేరు లాంటివాటికి సరిపోతుంది. మెట్ల మీద, మెట్లు దిగే చోట మాత్రం ఎప్పుడూ వద్దు.

ఇళ్ల సందులు: ఇక్కడ ఆగేది పావుగంట, ఆ తర్వాత కదలాలి. గంటో, గజ్జో, మీ గొంతో ఏదో ఒకటే గుర్తుగా వాడండి. రికార్డు చేసిన స్పీకరు మధ్యాహ్నం పూట మోగిస్తే రెండో రోజే గొడవ.

3. కొలవండి, ఆనించి చూడండి

నచ్చిన చోట బండి కొలతతో నేల మీద చాక్‌పీస్‌తో గీయండి. బండి ఒక్కటే గీస్తే చాలదు. మీరు నిలబడే చోటు, తెరిచిన మూత, ముందు నిలబడే ముగ్గురు మనుషులు కూడా గీతల్లోకి రావాలి. చాలామంది బండి కొలిచి, కొనేవాళ్లని మర్చిపోతారు. తీరా చూస్తే బండి గోడ వారనే ఉంటుంది, జనం మాత్రం రోడ్డు మీద నిలబడతారు.

గీతలన్నీ పోగా నడిచే దారి ఎంత మిగిలిందో టేపుతో కొలవండి. చక్రాల కుర్చీ ఒకటి పోవడానికి సుమారు 90 సెంటీమీటర్లు కావాలి, రెండు ఎదురెదురుగా దాటాలంటే 1.8 మీటర్లు. ఆ 1.8 మిగలకపోతే చిన్న బండి చూసుకోండి, లేదా వేరే చోటు.

తర్వాత వాలు. కర్ర నేల మీద పెట్టి, దాని మీద సగం నిండిన సీసా పడుకోబెట్టండి. నీటి మట్టం సమంగా వచ్చేదాకా కర్ర దిగువ కొసని ఎత్తి, ఆ కొస కింద ఎంత ఖాళీ ఉందో టేపుతో కొలవండి. మీటరుకి 2 సెంటీమీటర్లకి మించి దిగువగా ఉంటే నేను వద్దంటాను. కంటికి ఆనని వాలు కూడా చేతికి తెలుస్తుంది: 5 శాతం వాలులో 100 కిలోల బండిని జారకుండా ఆపడానికే 5 కిలోల బలం కావాలి. బ్రేకు ఉన్నా సరే, రెండు చక్రాలకీ దిగువ వైపు చెక్క ముక్కలు అడ్డం పెట్టండి.

నీడ సంగతి తేలిక. మధ్యాహ్నం దాటాక భవనానికి తూర్పు వైపు నీడ, పొద్దున పడమటి వైపు. సాయంత్రం వ్యాపారమైతే తూర్పు ముఖంగా ఉన్న గోడ వెతకండి.

గాలి విషయంలో గొడుగుల్ని నమ్మకండి. గాలి వేగం రెండింతలైతే గొడుగు మీద తోపు నాలుగింతలవుతుంది. వీధి మలుపుల దగ్గర, రెండు ఎత్తైన భవనాల సందులో గాలి ఒక్కసారిగా లేస్తుంది. అలాంటి చోట గొడుగుకి బదులు బండికే కట్టిన పొట్టి తెర మేలు.

అసలు పెట్టకూడని చోట్లు: చక్రాల కుర్చీ ర్యాంపు, చూపులేనివాళ్ల కోసం వేసిన గరుకు పలకల దారి, మంటలార్పే నీటి కుళాయి, ఆసుపత్రి అత్యవసర గేటు, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, బళ్లు తిరిగే మలుపు, తెరిచే మ్యాన్‌హోల్ మూత. ఇక్కడ జాగా ఎప్పుడు చూసినా ఖాళీగానే ఉంటుంది. ఎందుకు ఖాళీగా ఉంచారో ఆలోచించండి.

4. అడగండి

అనుమతి రెండు రకాలు. ఒకటి కాగితం. అమ్మకానికి ఏ కాగితం కావాలో, ఏ వీధుల్లో నిషేధమో మీ నగరపాలక సంస్థలోనే అడగాలి, చట్టం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. భారత్‌లో 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం తిరుగుతూ అమ్మేవాళ్లని కూడా గుర్తిస్తుంది. ఖాళీ చేయించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలంటుంది. జప్తు చేసిన సరుకుని, వ్యాపారి అడిగాక, పాడయ్యేదైతే అదే రోజు, పాడవనిదైతే రెండు పనిదినాల్లో తిరిగివ్వాలంటుంది. కాలిఫోర్నియా 2018లో చేసిన చట్టం ఫుట్‌పాత్ అమ్మకాన్ని నేరంగా చూడకూడదని చెప్పింది. మీకు వర్తించే చట్టంలోని పేజీ ఒకటి ప్రింటు తీసి బండిలో పెట్టుకోండి.

రెండోది నోటి మాట. కాగితం ఉన్నా ఇది తప్పదు. షట్టర్ ముందు నిలబడాలంటే దుకాణదారుని ముందే, తీరికగా ఉన్న వేళ కలవండి. "అన్నా, మీరు తొమ్మిదికి మూశాక ఇక్కడ రెండు గంటలు బండి పెట్టుకుంటాను. వెళ్లేటప్పుడు ఊడ్చి వెళ్తాను. ఇబ్బంది అనిపిస్తే ఒక్క మాట చెప్పండి, అదే రోజు తీసేస్తాను." ఇంతే. గంటలు చెప్పండి, ఊడుస్తానని చెప్పండి, తీసేస్తానని చెప్పండి. "కొన్నాళ్లు చూసుకుంటాను" అంటే ఎవరూ ఒప్పుకోరు, ఎన్నాళ్లో వాళ్లకి తెలీదు కాబట్టి.

అతను అమ్మేదే మీరూ అమ్ముతుంటే అడగడం కూడా దండగ. వాచ్‌మన్‌నీ, పొద్దున్నే ఊడ్చే అమ్మనీ పలకరించడం మర్చిపోకండి. ఆ జాగా సంగతులు, ముఖ్యంగా నీళ్లు ఎప్పుడు నిలుస్తాయి, లారీలు ఎప్పుడొస్తాయి అన్నవి, వాళ్లకి తెలిసినంతగా ఎవరికీ తెలియవు.

5. బండిని ఐదు నిమిషాల్లో ముడిచేలా చేయండి

గంటల లెక్కన బతికే బండికి ఇదే ప్రాణం. థాయిలాండ్‌లోని మేక్లాంగ్ మార్కెట్‌లో రైలు పట్టాల మీదికి వచ్చేలా సరుకు పరుస్తారు. రైలు వచ్చేముందు తెరలు మడిచేస్తారు, చక్రాల బల్లలు వెనక్కి లాగుతారు. ఎత్తు తక్కువ సరుకు కదపను కూడా కదపరు, రైలు దాని మీదుగా పోతుంది. రైలు దాటగానే అంతా మళ్లీ యథాస్థానానికి. పట్టాల జోలికి మీరు పోవద్దు, ఆ అమరిక మాత్రం చూసి నేర్చుకోండి: ఏది కదలాలో, ఏది కదలక్కర్లేదో ముందే తేల్చుకున్నారు.

మీ బండిలో కూడా సరుకు ట్రేలలోనే ఉండాలి. ట్రేని ఎత్తితే సరుకు లేచిపోవాలి, ఒక్కో వస్తువూ ఏరుకోకూడదు. బరువైనవి కింద, తేలికైనవి పైన. మూత తెరిస్తే అదే బల్ల, అదే ధరల పలక. చక్రాలు పెద్దవైతే గుంతలూ ఫుట్‌పాత్ అంచూ సులువుగా ఎక్కుతాయి. చిన్న చక్రాల బండి షోరూము నేల మీదే బాగుంటుంది.

ఇంటి దగ్గర గడియారం పెట్టుకుని విప్పండి, ముడవండి. మొదటిసారి ఇరవై నిమిషాలు పడుతుంది. ఫర్వాలేదు. ఏ పనికి ఎక్కువసేపు పట్టిందో చూడండి. సాధారణంగా అది తాడు ముడులు విప్పడం. తాడు తీసేసి కొక్కేల ఎలాస్టిక్ తాడు వాడితే సగం సమయం మిగులుతుంది. ఐదు నిమిషాల్లోకి వచ్చేదాకా వీధిలోకి తీయకండి.

దీపం లెక్క: 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 84 వాట్-అవర్ల కరెంటు ఉంటుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే సగమే వాడాలి, లేదంటే త్వరగా చచ్చిపోతుంది. అంటే 8 వాట్ల ఎల్‌ఈడీ దీపం ఐదు గంటలు. వీధి స్తంభం నుంచి వైరు లాగడం వద్దే వద్దు.

తిండి అమ్మేవాళ్లకి ఇంకో రెండు ముక్కలు. వేడిది 60 డిగ్రీల సెల్సియస్‌కి పైన, చల్లనిది 5 డిగ్రీలకి లోపు ఉండాలి. వండినది బయటి వేడిలో రెండు గంటలకి మించి ఉంచకూడదు. గ్యాసు గాలికంటే బరువు, లీకైతే కిందికి దిగి గుంతల్లో, కాలువల్లో చేరుతుంది. కాబట్టి మురుగు కాలువ మూత పక్కన పొయ్యి వద్దు. గొట్టం అతుకులకి రోజూ సబ్బు నురగ పూసి బుడగలు వస్తున్నాయేమో చూడండి.

6. సగం సరుకుతో వారం రోజులు

మొదటి వారం సగం సరుకే తెచ్చుకోండి. మిగిలిపోతే నష్టం తక్కువ, అయిపోతే గిరాకీ ఉందని తెలుస్తుంది.

ఈ వారంలో గమనించాల్సింది ఒక బేరానికి పట్టే సమయం. 90 సెకన్లు పడితే గంటకి 40 బేరాలు, అంతకుమించి మీ చేతుల్లో లేదు. రద్దీ పది నిమిషాలే ఉండే చోట ఆరుగురికి ఇవ్వగలరు, మిగతావాళ్లు వెళ్లిపోతారు. కాబట్టి అలాంటి చోట ముందే కట్టి, ధర రాసి పెట్టిన సరుకే ఉండాలి. చిల్లర ముందే విడదీసుకోండి. ఎంచుకుని, తడిమి, బేరమాడి కొనే సరుకుని కబుర్ల నడక ఉన్న చోటికి తీసుకెళ్లండి.

7. రెండు మూడు చోట్లు కలిపి దారి కట్టండి

పట్టికలోంచి, గంటలు ఒకదానితో ఒకటి తగలని రెండు మూడు చోట్లు తీసుకోండి. ఉదయం షట్టర్ ముందు, మధ్యాహ్నం ఇళ్ల సందులు, సాయంత్రం పార్కు గోడ, ఇలా. మధ్యలో తోసుకెళ్లే సమయం కూడా లెక్కలో వేయండి.

ఒకసారి దారి కట్టాక ఆ వేళ తప్పకండి. అటూ ఇటూ తిరిగేవాళ్లని జనం వెతకరు, సరైన వేళకి వచ్చేవాళ్ల కోసం చూస్తారు. 2008లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన కోగి అనే ఫుడ్ ట్రక్ తాను ఎక్కడ ఆగుతుందో ట్విటర్‌లో చెప్పడంతోనే పేరు తెచ్చుకుంది. మీకు ట్విటర్ అక్కర్లేదు. బండి మీద "సోమ నుంచి శని, సాయంత్రం 5 నుంచి 8, ఇక్కడే" అని రాయండి. వాట్సాప్‌లో రోజూ ఒక ఫోటో పెట్టండి. వానొస్తే రాలేనని కూడా చెప్పండి.

తరచూ చేసే తప్పులు

రాత్రి బండిని అక్కడే గొలుసు వేసి వదిలేయడం అన్నిటికంటే పెద్ద తప్పు. మీకు ఇచ్చింది రెండు గంటలు. బండి అక్కడే ఉంటే ఇరవై నాలుగు గంటలు తీసుకున్నట్టే, అడిగిన మాటకి విలువ పోతుంది. జపాన్‌లోని ఫుకువోకాలో యతాయ్ అనే తిండి బండ్లు సాయంత్రం వచ్చి తెల్లారేలోపు కాలిబాట ఖాళీ చేస్తాయి. అక్కడి నగరం 2013లో వాటి కోసం ప్రత్యేక నిబంధనలే చేసింది. మీ బండికి రాత్రి చోటు ముందు చూసుకుని, ఆ తర్వాతే బండి కొనండి.

రెండో తప్పు, మెల్లగా పాకడం. మొదటి వారం బండి, రెండో వారం పక్కన స్టూలు, మూడో వారం ముందు గోనెపట్టా. చాక్‌పీస్ గీతల ఫోటో ఒకటి ఫోనులో ఉంచుకుని వారానికోసారి పోల్చుకోండి.

ఇంకొకటి: వ్యాపారం బాగున్న బండి పక్కనే వెళ్లి అదే సరుకు పెట్టడం. పక్క బండామె పూలు అమ్ముతుంటే మీరు అగరొత్తులు పెట్టండి. ఇద్దరికీ నడుస్తుంది.

బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?

రోజూ నాలుగు అంకెలు రాయండి: ముందు నుంచి పోయినవాళ్లు (పావుగంట లెక్క చాలు), ఆగినవాళ్లు, కొన్నవాళ్లు, ఖర్చులు పోగా చేతిలో మిగిలింది. చివరి అంకెని ఆ చోట గడిపిన గంటలతో భాగించండి. విప్పడం, ముడవడం, తోసుకురావడం కూడా గంటల్లో కలపాలి. చాలామంది ఇక్కడే తమని తాము మోసం చేసుకుంటారు.

పోయేవాళ్లు ఎక్కువ, ఆగేవాళ్లు తక్కువైతే మీరు కనపడట్లేదని అర్థం: ఎత్తు, దీపం, రాత సరిచూడండి. బండికి ఎదురుగా ముప్ఫై అడుగుల దూరం వెళ్లి ఫోటో తీస్తే తెలిసిపోతుంది. ఆగి కొనకుండా పోతుంటే సరుకో ధరో కుదరలేదు. కొంటున్నా ఏమీ మిగలట్లేదంటే చోటుది తప్పు కాదు, లెక్క వేరే ఉంది. ఈ మూడింటికీ మందు వేరువేరు, జాగా మార్చడం అన్నిటికీ మందు కాదు.

మూడో వారంలో ఒక రోజు చెప్పకుండా మానేయండి. మర్నాడు వెళ్లినప్పుడు "నిన్న రాలేదేం?" అని కనీసం ఇద్దరు ముగ్గురు అడగాలి. అందులో ఆ షట్టర్ యజమాని కూడా ఉంటే ఆ గంట మీదే. ఎవరూ అడగకపోతే పట్టికలో రెండో పేజీ తీయండి.